వలస వెళ్ళినవాళ్ళ ఖాతాలో ఎంత పొగ?

(విజయవాడలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరీక్షలు దగ్గర పడుతున్నా ఇంతమంది విద్యార్థులు వచ్చినందుకు చాలా సంతోషం.

ఈ మధ్య ఒక వాదన తరచుగా వినపడుతోంది. పేద దేశాల జనం ధనిక దేశాలకు వెళ్తే అక్కడివాళ్ళలాగే బతుకుతారు, దాంతో ప్రపంచం మొత్తం మీద పొగ, అంటే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్, పెరుగుతుంది. పల్లె జనం పట్నానికి వస్తే కరెంటు, పెట్రోలు వాడకం పెరుగుతుంది. కాబట్టి వాతావరణ లక్ష్యాలు అందుకోవాలంటే వలసల్ని తగ్గించాలి. ఇదీ వాదన. అమెరికాలో, యూరప్‌లో వలసలంటే గిట్టనివాళ్ళు దీన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. మన దగ్గర కూడా చదువుకున్నవాళ్ళ నోట వస్తోంది. "బయటి జనం వచ్చి పడబట్టే బెజవాడ ఇలా కాగిపోతోంది" అని నాతోనే అన్నవాళ్ళున్నారు.

ఇంట్లో ఒక్కరైనా ఊరు దాటి వెళ్ళని కుటుంబం ఈ హాల్లో ఉండదు. కొడుకు డాలస్‌లో ఉంటాడు, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, తాతగారి రోజుల్లో డెల్టా నుంచి సింధనూరు, గంగావతి వైపు క్యాంపులకు వెళ్ళి తుంగభద్ర నీళ్ళ కింద వరి వేసిన చుట్టాలుంటారు. మనకు ఇది బయటివాళ్ళ సంగతి కాదు. అందుకని లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి కదలడం వల్ల పుట్టే పొగ చాలా తక్కువ. అతను చేరిన చోట కరెంటు దేనితో తయారవుతోంది, పనికి వెళ్ళడానికి బస్సు ఉందా లేదా, ఉండే ఇల్లు ఎలాంటిది, పనికి ఎంత దూరంలో ఉంది, ఇవే అతని ఉద్గారాల్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ వలస వచ్చినవాడి చేతిలో ఉండదు.

పెద్ద లెక్కతో మొదలుపెడదాం. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చడం వల్ల, సిమెంటు తయారీ వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ని జనాభాతో భాగిస్తే మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటు 4.7 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో 14 టన్నుల చుట్టూ. ఖతార్‌లో 35 టన్నుల పైమాటే. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేట కుర్రాడొకడు అమెరికా వెళ్ళాడనుకోండి. కాగితం మీద అతని వాటా రెండు నుంచి పద్నాలుగుకు ఎగబాకింది. 2010 నుంచి 2017 వరకు అమెరికా ఇళ్ళలో మాట్లాడే భాషల్లో అన్నిటికంటే వేగంగా పెరిగింది తెలుగే, 86 శాతం. కాబట్టి ఈ వాదన నిజమైతే దోషుల్లో మొదటి వరసలో మనమే ఉండాలి.

కానీ ఈ పద్నాలుగు అనేది సగటు. సగటు దగ్గరే చాలామంది పొరబడతారు. ఖతార్‌నే తీసుకోండి. ఆ దేశంలో ఉండేవాళ్ళలో నూటికి ఎనభై అయిదు మందికి పైగా బయటి దేశాలవాళ్ళే. రాజంపేట నుంచో కోనసీమ నుంచో వెళ్ళిన మనిషి అక్కడ లేబర్ క్యాంపులో మంచం మీద మంచం వేసిన గదిలో ఉంటాడు, కంపెనీ బస్సులో పనికి వెళ్తాడు, మిగిలినదంతా ఇంటికి పంపుతాడు. మరి ఆ 35 టన్నులు ఎక్కడివి? సహజ వాయువును తవ్వి, చల్లబరిచి ద్రవంగా మార్చే ప్లాంట్లవి. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా చేసే ప్లాంట్లవి. ఆ గ్యాసులో కొంత ఓడలకెక్కి గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్‌కు, అంటే మన దేశానికే వస్తుంది. మన రాజంపేట మనిషి ఆ సగటును పెంచడం లేదు. మొత్తాన్ని తలల లెక్కన భాగించేటప్పుడు అతని తల కూడా కలుస్తుంది కాబట్టి ఆ సగటు తగ్గడానికే పనికొస్తున్నాడు.

డాలస్ సంగతి వేరు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవాడి పొగ నిజంగానే పెరుగుతుంది, ఒప్పుకుందాం. ఆఫీసుకు, కూరగాయలకు, పిల్లల బడికి, గుడికి కారు తప్ప దారి లేదు. ఇల్లు పెద్దది. వేసవిలో ఇల్లంతా చల్లబడాలి, చలికాలంలో ఇల్లంతా వెచ్చబడాలి. మన దేశంలో తలసరి కరెంటు ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు. అమెరికాలో 12,000 దాటుతుంది. అయితే మన దగ్గర ఒక యూనిట్ తయారీకి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తే, అమెరికాలో దాదాపు అందులో సగమే. కారణం మీకు తెలిసిందే, మన ఇబ్రహీంపట్నం వైపు చూస్తే కనపడుతుంది. నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఇప్పుడు 2,560 మెగావాట్లు. ఈ హాల్లో తిరుగుతున్న ఫ్యాన్లలో దాని బొగ్గు ఉంది.

ఇప్పుడు అదే కుర్రాడు అదే చదువుతో పారిస్ వెళ్ళాడనుకోండి. ఫ్రాన్స్‌లో తలసరి 4 టన్నుల చుట్టూ ఉంటుంది. వాళ్ళేమీ పేదవాళ్ళు కాదు, పస్తులుండేవాళ్ళు అంతకన్నా కాదు. అక్కడ కరెంటులో మూడింట రెండు వంతులు అణు విద్యుత్తు. మెట్రో ఉంది, రైళ్ళున్నాయి, ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకే మనిషి, ఒకే చదువు, ఇంచుమించు ఒకే స్థాయి జీవితం. ఒక చోట పద్నాలుగు, ఇంకో చోట నాలుగు. అద్దె ఇంట్లో దిగినవాడు గోడలో ఉన్న వైరింగుతోనే బతకాలి, దాన్ని పీకి కొత్తది వేసుకోలేడు. ఇదీ అంతే. డాలస్‌ను కార్ల ఊరుగా కట్టింది మనవాడు కాదు, అతను పుట్టకముందే కట్టేశారు.

లక్ష్యాల దగ్గర కూడా ఒక చిక్కుంది. దేశాలు తమ ఉద్గారాల్ని ఐక్యరాజ్యసమితికి ఇచ్చేటప్పుడు తమ సరిహద్దుల లోపల పుట్టిన పొగనే చూపిస్తాయి. కెనడా 2030 నాటికి 2005 స్థాయి కంటే 40 నుంచి 45 శాతం తగ్గిస్తానని చెప్పింది. అది దేశం మొత్తం పొగ మీద పెట్టుకున్న లక్ష్యం, తలసరిది కాదు. ఈలోగా ఒక్క 2023లోనే ఆ దేశ జనాభా 3 శాతానికి పైగా పెరిగింది, దాదాపు మొత్తం వలసల వల్లే. దీన్ని చూపించి "వచ్చేవాళ్ళు మా లక్ష్యాన్ని చెడగొడుతున్నారు" అనడం చాలా తేలిక. కానీ కెనడా ఉద్గారాల్లో పెద్ద వాటా ఎవరిదో చూడండి. చమురు, గ్యాసు పరిశ్రమది, సుమారు 30 శాతం. వాళ్ళు ఆల్బర్టాలో చమురు కోసం తారు ఇసుక తవ్వడం ఆపరు, పంజాబ్ నుంచి వచ్చి టొరంటోలో ట్యాక్సీ నడుపుకునేవాడి వైపు వేలు చూపిస్తారు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. వాతావరణం పేరుతో చెప్పే ఏ మాటైనా సరే, పొగ ఎక్కడ పుడుతోందో చూడకుండా ఎవరు వచ్చారో చూస్తే అది వాతావరణం గురించిన మాట కాదు.

మన దేశం లక్ష్యాలు వేరే రకం. 2030 నాటికి జీడీపీలో రూపాయికి ఇంత పొగ అనే లెక్కను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామన్నాం. 2070కి నెట్ జీరో, అంటే వదిలే పొగ ఎంతో తిరిగి పీల్చుకునేదీ అంతే ఉండాలని, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించాం. కరెంటు స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ కలిసి తయారు చేయగలిగినదానిలో, సగం బొగ్గు, గ్యాసు కాని వనరుల నుంచి రావాలన్న లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. సామర్థ్యం సగమైనా తయారయ్యే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదేనని గుర్తుపెట్టుకోండి.

విమానాల గురించి ఒక్క మాట. హైదరాబాద్ నుంచి డాలస్‌కు వెళ్ళి వస్తే ఒక మనిషికి రెండు టన్నులకు పైనే పడుతుంది. మనలో సగటు మనిషి ఏడాది పొడవునా వదిలేది అంతే. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలలు వెళ్ళే అమ్మానాన్నలు ఇక్కడ కూడా ఉన్నారు. వాళ్ళను వెళ్ళొద్దనడానికి నాకు నోరు రాదు. పిల్లల్ని చూడాలనుకోవడం నేరం కాదు. కానీ విచిత్రం చూడండి, అంతర్జాతీయ విమానాల పొగ అటు అమెరికా లెక్కలోనూ రాదు, ఇటు మన లెక్కలోనూ రాదు. నివేదికల్లో దాన్ని విడిగా రాసి పక్కన పెడతారు. ఈ ఇద్దరి లెక్కలోనూ లేనిదాన్ని తగ్గించే బాధ్యత ఎవరికుంటుంది?

సరే, విదేశాల సంగతి వదిలేద్దాం. అక్కడే ఆగిపోతే అసలు కథ తప్పిపోతుంది. 2020లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన దేశం వదిలి ఉంటున్నవాళ్ళు సుమారు 28 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఒక్క దేశంలో, దేశం లోపలే ఊరు మారినవాళ్ళు 45 కోట్ల పైన. వాళ్ళలో పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ఆడవాళ్ళే ఎక్కువమంది. పని కోసం వెళ్ళినవాళ్ళను మాత్రమే తీసుకున్నా కోట్లలోనే ఉంటారు. మూడు నాలుగు నెలలు వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు ఆ అంకెల్లో సరిగా చేరరు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కణ్ణుంచి కాస్త దూరం వెళ్ళి చూడండి, ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు మిరప చేలల్లో. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. అక్కడ వాన మీదే పంట. వాన మొహం చాటేస్తే అప్పు మిగులుతుంది, ఊళ్ళో పని దొరకదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, పిల్లల్ని బడి మాన్పించి బయల్దేరతారు.

చేను గట్టున టార్పాలిన్ పట్టా కప్పిన గుడారం. మూడు రాళ్ళ పొయ్యి, పత్తి కట్టె మంట. రెండు చెట్ల మధ్య చీర ఉయ్యాలలో పసిబిడ్డ, దాన్ని ఊపడానికి ఏడెనిమిదేళ్ళ అక్క. ఆ పిల్ల బడిలో ఉండాల్సిన వయసు. ఆడవాళ్ళు వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని కాయ కోస్తారు. అయినా సాయంత్రానికి చేతులు భగభగమంటాయి. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు, బిడ్డను ముట్టుకోకూడదు. ఫోన్ ఛార్జింగ్ రైతు మోటారు షెడ్డులో. చీకటి పడితే చిన్న సోలార్ లైటు. వాళ్ళు కోసిన కాయ కల్లంలో ఎండి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తుంది, అక్కణ్ణుంచి చైనా దాకా వెళ్తుంది. ధర రాకపోతే కోల్డ్ స్టోరేజీలో చల్లగా ఉంటుంది. మిరపకాయకు ఏసీ ఉంది, కోసిన మనిషికి నీడ లేదు. ఈ మాట అంటుంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇప్పుడు వీళ్ళ పొగ లెక్క వేద్దాం. కొందరు రైల్లో వస్తారు, కొందరు లారీల్లో. లారీయే తీసుకుందాం. సుమారు 400 కిలోమీటర్లు, లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున వంద లీటర్ల డీజిలు. లీటరు డీజిలు కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం 270 కిలోలు. లారీలో నలభై మంది ఉంటే తలకు ఏడు కిలోలు, రానుపోను పద్నాలుగు. డాలస్‌కు ఒక్కరు వెళ్ళొచ్చిన పొగతో నూట నలభై మంది సుగ్గికి వచ్చి వెళ్ళొచ్చు. ఇక్కడున్న మూడు నెలల్లో వాళ్ళు వాడే కరెంటు చెప్పుకోదగ్గది కాదు. పొయ్యి పొగ ఆ తల్లి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది నిజమే, కానీ ఆ పత్తి కట్టె ఆ చేలో పెరిగిందే, మళ్ళీ ఏడాది పెరిగేదే.

అంటే వలసల్లో అత్యంత పేద వలస, అత్యంత కష్టమైన వలస, వాతావరణానికి దాదాపు ఏ హానీ చేయనిది. అయితే మొదటి దెబ్బ తగిలేది వీళ్ళకే. వానలు గతి తప్పితే ఊరు వదలాలి. అకాల వాన పడితే ఇక్కడ కల్లంలో కాయ తడుస్తుంది, కూలి ఆగుతుంది. మార్చి దాటితే ఎండ. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు.

2020 లాక్‌డౌన్ కూడా గుర్తు చేస్తాను. చెన్నై వైపు నుంచి ఒడిశాకు, బీహార్‌కు నడిచి వెళ్ళినవాళ్ళు మన హైవే మీదుగానే వెళ్ళారు, చెప్పులు తెగిపోయి, పిల్లల్ని భుజాన వేసుకుని. ఆ ఏడాది ప్రపంచ ఉద్గారాలు 5 శాతానికి పైగా తగ్గాయి, ఆకాశం నిర్మలంగా ఉందని అందరూ ఫోటోలు పెట్టారు. తగ్గిన ఆ పొగ ఎవరిదో, నడిచినవాళ్ళెవరో ఆలోచించండి. జనాన్ని కదలనీయకుండా ఆపి పొగ తగ్గించడమంటే ఎలా ఉంటుందో మనం కళ్ళారా చూశాం.

ఇక పట్నంలో స్థిరపడేవాళ్ళ దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క కొంచెం చిక్కుగా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి బెజవాడలో తాపీ పని చేసే మనిషిని ఊహించుకోండి. భార్య, ఇద్దరు పిల్లలు. రేకుల గది, రెండు ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్. నెలకు 80 యూనిట్లు కాలుతుందనుకుందాం. ఏడాదికి 670 కిలోల కార్బన్ డయాక్సైడ్, నలుగురికి పంచితే తలకు 170 కిలోలు. నెలన్నరకో సిలిండరు, అంటే ఏడాదికి ఎనిమిది. ఒక్కో సిలిండరు కాలితే సుమారు 42 కిలోలు. తలకు ఎనభై అయిదు. మొత్తం కలిపినా పావు టన్ను. కట్టెల పొయ్యి నుంచి గ్యాసుకు మారిన తల్లికి దగ్గు తగ్గింది, ఆ మేరకు లాభం కూడా వేసుకోవాలి.

ఇప్పుడు అతని బండి చూడండి. అద్దెలు పెరిగి ఊరి బయటికి వెళ్ళాడు. లేదా ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం దొరికింది. ఏ ప్రభుత్వమైనా పేదలకు స్థలాలిచ్చేది భూమి చవకగా ఉన్న దూరంలోనే. అడ్డాకు, పనికి పోను పదిహేను, రాను పదిహేను కిలోమీటర్లు. ఏడాదికి మూడు వందల రోజులు. తొమ్మిది వేల కిలోమీటర్లు, 180 లీటర్ల పెట్రోలు, నాలుగు వందల కిలోల పైన పొగ. ఇంటిల్లిపాది కరెంటులో, గ్యాసులో అతని వంతుకు వచ్చిన దానికంటే ఈ ఒక్క బండిది ఎక్కువ. డబ్బు లెక్క కూడా వేయండి, నెలకు పదిహేను లీటర్లంటే అతని రెండు రోజుల కూలి దాకా పోతుంది.

అదే దూరం నలభై మంది ఎక్కిన డీజిలు సిటీ బస్సులో వెళ్తే ఏడాదికి 150 కిలోలు. కరెంటు బస్సు పెడితే? ఇబ్రహీంపట్నం బొగ్గు కరెంటుతోనే నడిచినంత కాలం ఈ అంకె పెద్దగా మారదు. బస్సు కింద పొగ రాదు కాబట్టి ఊరి గాలి మాత్రం బాగుపడుతుంది. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ ఆ అంకె కూడా దిగుతుంది. ఇక పనికి దగ్గర్లో, రెండు కిలోమీటర్లలో అద్దెకు గది దొరికితే నడిచో సైకిల్ మీదో వెళ్తాడు, అప్పుడు సున్నా. కాబట్టి ఆ తాపీ మేస్త్రి పొగ అతని చేతిలో లేదు. ఇంటి స్థలం ఎక్కడివ్వాలో నిర్ణయించిన ఫైలులో ఉంది.

మన ఊళ్ళో బస్సుల సంగతి మీరే చెప్పాలి. నెహ్రూ బస్టాండు దేశంలోని పెద్ద బస్టాండుల్లో ఒకటి, దూరపు ఊళ్ళకు గంటకెన్ని బస్సులైనా ఉంటాయి. ఊరి లోపల మాత్రం షేర్ ఆటోలో నలుగురు కూర్చునే చోట ఎనిమిది మంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. దీన్ని సంక్షేమ పథకంగానే చూస్తున్నారు కానీ వాతావరణ పథకంగా కూడా చూడాలి. ఇళ్ళలో పని చేసే అమ్మ ఇప్పుడు బస్సు కోసం ఆగుతోంది. ఆమె ఆగినంతసేపట్లో బస్సు రావాలి కదా. బస్సుల సంఖ్య పెరగకపోతే ఆమె మళ్ళీ ఆటో ఎక్కుతుంది.

నది అవతల అమరావతి. దేశంలో ఇంకెక్కడా రాని అవకాశం, నిజంగా. ఒక టన్ను సిమెంటు తయారైతే 600 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఒక టన్ను ఉక్కుకు రెండు టన్నుల పైనే. కట్టక తప్పదు, ఆ పొగ తప్పదు. అయితే దానికంటే పెద్ద లెక్క తర్వాత వచ్చే యాభై ఏళ్ళది. ఆ భవనాలు కడుతున్నది బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు. రేపు ఆ ఆఫీసుల్లో తుడిచేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, టీ అమ్మేవాళ్ళు కూడా వలస వచ్చినవాళ్ళే అవుతారు. వాళ్ళకు ఆ నగరం లోపల అద్దెకు గదులుంటాయా? ఉండకపోతే మంగళగిరి నుంచో, తాడేపల్లి నుంచో, ఇంకా దూరం నుంచో రోజూ వేల బండ్లు వెళ్తాయి. వెడల్పు రోడ్లు ముందు వేసి బస్సులు తర్వాత ఆలోచిస్తే మనం కృష్ణ ఒడ్డున ఇంకో డాలస్ కడుతున్నట్టే.

బయటి నుంచి వచ్చే డబ్బు గురించి కూడా చెప్పాలి. 2023లో మన దేశానికి విదేశాల నుంచి సుమారు 120 బిలియన్ డాలర్లు వచ్చాయి, దాదాపు పది లక్షల కోట్ల రూపాయలు. ఆ డబ్బుతో పిల్లలు చదివారు, అప్పులు తీరాయి. అలాగే కృష్ణా, గుంటూరు పల్లెల్లో రెండంతస్తుల పాలరాయి ఇళ్ళు లేచాయి, చాలావాటికి తాళాలే. సంక్రాంతికి నాలుగు రోజులు తెరుస్తారు. ఎవరూ ఉండని ఇంటికి పోసిన సిమెంటు, ఇనుము పొగ మాత్రం గాల్లోనే ఉంది. వాళ్ళను తప్పుపట్టాలని కాదు, ఊళ్ళో ఇల్లుండాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. అదే డబ్బులో కొంత ఊరి బడి మీద సౌర పలకలకు, చెరువు పూడికకు, మంచినీళ్ళకు పెట్టినవాళ్ళను కూడా చూశాను. అలాంటివాళ్ళు పెరగాలి.

ఇంతవరకు వలస వల్ల వాతావరణం మారుతుందా అని చూశాం. వాతావరణం వల్ల వచ్చే వలస ఇంకా పెద్దది. దక్షిణాసియాలో 2050 నాటికి నీటి కొరత, పంట నష్టం, సముద్రం పెరగడం లాంటి కారణాలతో దేశం లోపలే ఊరు మారేవాళ్ళు 4 కోట్ల దాకా ఉండొచ్చని 2021లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ప్రపంచంలో అది చూసిన ఆరు ప్రాంతాలూ కలిపితే 21.6 కోట్లు. ఉద్గారాలు త్వరగా తగ్గించి, పల్లెలు తట్టుకునేలా చేస్తే ఇందులో 80 శాతం దాకా తగ్గించవచ్చని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ కదిలేవాళ్ళు న్యూయార్క్ రారు. కోసిగి నుంచి గుంటూరు వస్తారు, ఇచ్ఛాపురం నుంచి బెజవాడ వస్తారు.

వచ్చినవాళ్ళకు మనం ఏ చోటు ఇచ్చామో 2024 సెప్టెంబరులో చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, చరిత్రలో ఎన్నడూ లేనంత. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ పేటల్లో ఉండేవాళ్ళలో చాలామంది ఒకటి రెండు తరాల కింద పని కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అప్పుడే మొగల్రాజపురంలో కొండ రాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. కొండ మీద ఇళ్ళు ఎవరివి? అద్దెలు అందనివాళ్ళవి. ఊరికి కావలసిన పని చేసిపెట్టారు, ఊరు వాళ్ళకు బుడమేరు దారినీ కొండ వాలునూ ఇచ్చింది.

చేయాల్సిన పనులు కొన్ని చాలా చిన్నవి. 5 కిలోల గ్యాసు సిలిండరు చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. ఈ సంగతి సుగ్గి గుడారాల్లో ఎంతమందికి తెలుసు? రేషన్ ఎక్కడైనా తీసుకునే పద్ధతిని 2019లో ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మిరప కోతల మండలాల్లో డీలర్లకు ఆ మూడు నెలలూ అదనపు సరుకు చేరితేనే అది పనిచేస్తుంది. రేకుల ఇళ్ళ మీద తెల్ల పూత వేస్తే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో దీనికి ఒక విధానమే తెచ్చింది, మనం ఎందుకు తేకూడదు? పిల్లలు సొంత ఊళ్ళోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్ళు తల్లిదండ్రులు బయల్దేరక ముందే తెరవాలి, బయల్దేరాక కాదు. పెద్ద పనులు బస్సులు, పని దగ్గర అద్దె ఇళ్ళు, బొగ్గు నుంచి బయటపడటం. వీటికి సమయం పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి.

చివరగా ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు. ఎన్యూమరేటర్లుగా, అంటే ఇంటింటి వివరాలు రాసుకోవడానికి, వెళ్ళేది ఎక్కువగా మీరే. ఫిబ్రవరి అంటే మిరప కోతల నడి మధ్య. కోసిగిలో ఇంటికి తాళం ఉంటుంది, మనిషి పెదనందిపాడు చేలో ఉంటాడు. అక్కడ తాళం చూసి వెనక్కి వెళ్ళి, ఇక్కడ గుడారం కనపడక ముందుకు వెళ్తే ఆ కుటుంబం ఏ పట్టికలోనూ ఉండదు. బస్సులెన్ని కావాలి, నీళ్ళెన్ని కావాలి, ఎండాకాలం చలివేంద్రాలెక్కడ పెట్టాలి అన్నీ ఆ పట్టికల నుంచే వస్తాయి. మీ బ్లాకులో మిరప చేలుంటే దయచేసి గట్టు దిగి వెళ్ళండి. సాయంత్రం వెళ్ళండి, పగలు కోతలో ఉంటారు. 2011లో ఎందుకు ఊరు మారారు అన్న ప్రశ్నకు పని, వ్యాపారం, చదువు, పెళ్ళి లాంటి జవాబులే ఉన్నాయి, వాన రాలేదు అని రాసుకునే గడి లేదు. ఫారంలో గడి ఉన్నా లేకపోయినా అడగండి, ఎన్నేళ్ళుగా వస్తున్నారు, ఏ ఏడాది పంట పోయి మొదటిసారి వచ్చారు అని. విద్యార్థులు నోట్‌బుక్కులో రాసుకోండి. ఒక్కో కాలేజీ ఒక్కో మండలం తీసుకుంటే ఈ ప్రాంతానికి ఒక నిజమైన లెక్క తయారవుతుంది. ఏయే కాలేజీల వాళ్ళు ముందుకొస్తారో ఇప్పుడే పేర్లు ఇవ్వండి, మండలాలు పంచుకుని ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుందాం.